రాజులను చేసినవాడు, రాజు కానివాడు: రాస్ మికాయేల్ సెహుల్

ముప్పై ఏళ్ళ కిందటి మాట. తొమ్మిదవ తరగతిలో పాఠం చెబుతూ ఉండగా అళియ రామరాయల ప్రసక్తి వచ్చింది. సింహాసనం మీద సదాశివరాయలు పేరుకు మాత్రమే కూర్చున్నాడనీ, అధికారమంతా రామరాయలదేననీ చెప్పాను. వెనుక బెంచీలో ఒక కుర్రవాడు లేచి, "అయితే ఆయనే రాజైపోవచ్చు కదండీ, అడ్డెవరు?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి, కూర్చోమన్నాను. నిజానికి నా దగ్గర సమాధానం లేదు. నేను తెలుగు పండితుణ్ణి. చరిత్ర నాకు కావ్యాల అవతారికల ద్వారా అబ్బినదే తప్ప శాస్త్రంగా చదివినది కాదు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికింది. పాత గ్రంథాలు అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చునని మా అమ్మాయి చూపించింది. అలా చేతికి వచ్చినది జేమ్స్ బ్రూస్ అనే స్కాట్లండు దేశీయుడు 1790లో అయిదు సంపుటాలుగా ప్రకటించిన యాత్రాగ్రంథం. నైలునది పుట్టుక చూడాలని అతడు ఇథియోపియాకు వెళ్ళాడు. నదిని చూడడానికి పోయినవాడు రాజ్యమొకటి కూలిపోవడం చూసి వచ్చాడు. నదికంటె నన్ను పట్టుకున్నది ఆ రెండవదే. అందులో ఒక ముసలివాడు ఉన్నాడు. తల నెరిసి, ఒక కాలు కుంటుపడి, డెబ్బై అయిదేళ్ళు దాటిన వయస్సులో ఒకే సంవత్సరం ఇద్దరు చక్రవర్తులను చంపించి, మూడవవాణ్ణి కూర్చోబెట్టాడు. తాను మాత్రం కూర్చోలేదు. పేరు రాస్ మికాయేల్ సెహుల్.

మికాయేల్ అన్నది మన నోటికి కొత్తగా ఉన్నా, ఆ దేశస్థులు మనకు కొత్తవారు కారు. అబిసీనియాను అరబ్బులు హబష్ అన్నారు. అక్కడినుంచి వచ్చినవారు మనకు హబ్షీలు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అని ఒక పేట ఉన్నదే, ఆ ఏ.సి. అన్నది నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళం పేరులోనిది. అహమదునగరు సుల్తానులను కీలుబొమ్మలుగా ఆడించిన మాలిక్ అంబర్ కూడా ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనుకు చేరినవాడే. ఆయన 1610లో తాను కూర్చోబెట్టిన ముర్తజా నిజాంషాను విషంతో తొలగించి, పసివాడైన అతని కొడుకును గద్దెనెక్కించాడు. అంబరు కూడా రాజు కాలేదు. ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టి గోండరుకు పోదాం.

గోండరు ఇథియోపియా ఉత్తరాన తానా సరస్సుకు పైన ఉన్న పట్టణం. పదిహేడవ శతాబ్ది నడిమి భాగంలో ఫాసిలదస్ చక్రవర్తి దానిని రాజధాని చేశాడు. ఆయనా, ఆయన తరువాతివారూ కట్టించిన రాతి కోటలు నేటికీ ఉన్నాయి. అక్కడి రాజులు తమది సొలొమోను వంశమని చెప్పుకొన్నారు. యెరూషలేము రాజు సొలొమోనుకు షేబ రాణియందు కలిగిన మెనెలిక్ తమ మూలపురుషుడని వారి విశ్వాసం. 'కెబ్ర నగస్త్' అనే గ్రంథం ఆ కథనే చెబుతుంది. 1270లో యెకునో అమ్లాక్ గద్దెనెక్కిననాటినుంచి ఆ వంశమే పాలిస్తున్నది. అక్కడి క్రైస్తవసంఘానికి పెద్ద అయిన 'అబున' ఈజిప్టునుంచి రావాలి. రాజు వేరెవరి ముఖమూ పెట్టి చూడరానివాడు. తెర వెనుక కూర్చుని, మరొకరి నోటితో మాట్లాడేవాడు. రాజరక్తం నేల మీద పడరాదు. అంగవైకల్యం ఉన్నవాడు రాజ్యానికి అనర్హుడు. ఈ చివరి రెండు కట్టుబాట్లను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు పని ఉన్నది.

సింహాసనానికి పోటీ రాగల రాజకుమారులందరినీ వెహ్ని అనే నిట్టనిలువు కొండ మీద బంధించి ఉంచేవారు. రాజు చనిపోతే అక్కడినుంచి ఒకణ్ణి దించి తెచ్చి కిరీటం పెట్టేవారు. ఇంగ్లీషు చెప్పే నా మిత్రునితో ఈ మాట అంటే, "శామ్యూల్ జాన్సన్ 'రాసెలస్' కథ అదే కదా!" అన్నాడు. 1759లో వెలువడిన ఆ కథలో రాజకుమారులుండేది ఆనందమయమైన లోయ. సరిగ్గా ఆ సంవత్సరమే అసలు కొండ మీద యోహన్నెస్ అనే రాజపుత్రుడు ఒక చెయ్యి లేకుండా బతుకుతున్నాడు. పారిపోవడానికి ప్రయత్నించినందుకు అతని అన్నదమ్ముడే అయిన బకాఫా చక్రవర్తి ఆ చెయ్యి నరికించాడు. అంగహీనుడైనవాడు రాజ్యానికి పోటీ రాడు కదా అని.

మికాయేల్ పుట్టినది ఇంచుమించు 1692 ప్రాంతంలో, గోండరుకు ఈశాన్యాన ఉన్న తిగ్రాయ్ సీమలో. అద్వా అతని ఠాణా. 'సెహుల్' అన్నది బిరుదు. సూక్ష్మబుద్ధి కలవాడు, నేర్పరి అని అర్థం. అతని యౌవనంలో జరిగిన ఒక ఘటన మాత్రం చెప్పి బాల్యాన్ని దాటేస్తాను. 1711లో యోస్తోస్ అనే ప్రభువు, తల్లివైపున మాత్రమే రాజవంశంతో సంబంధం ఉన్నవాడు, సాహసించి తానే సింహాసనమెక్కాడు. అయిదేళ్ళు పాలించాడు. 1716లో మంచం పట్టగానే సైన్యం అతణ్ణి తోసి, వెహ్నినుంచి అసలు వంశపు కుర్రవాణ్ణి తెచ్చుకుంది. అప్పటికి మికాయేలుకు ఇరవై నాలుగేళ్ళుంటాయి. వంశంలో పుట్టనివాడు కూర్చుంటే ఏమవుతుందో చూసే వయస్సే.

తిగ్రాయ్ బలమేమిటో చెప్పాలి. దేశానికి ఎర్రసముద్రం మీద ఉన్న వాకిలి మస్సావా రేవు. అది తురుష్కుల పేర నడుస్తున్నది. దానిమీద పెత్తనం ఆర్కికోలోని నాయిబు అనే అధికారిది. రేవునుంచి గోండరుకు పోయే బిడారులు అద్వా మీదుగానే పోవాలి. సూరతు గుడ్డలు, మిరియాలు, అన్నింటికంటె ముఖ్యంగా తుపాకులు ఆ దారినే వచ్చేవి. ఇంకొకటి ఉప్పు. తూర్పున ఉన్న ఎడారి పల్లంలో ఉప్పును ఇటుకల వలె చెక్కి తెచ్చేవారు. ఆ ఉప్పు కడ్డీలే దేశమంతటా నాణేలుగా చెలామణి అయ్యేవి. అంటే తిగ్రాయ్ దొర చేతిలో టంకసాల, ఆయుధశాల రెండూ ఉన్నట్టే. తక్కిన సీమల ప్రభువులకు బల్లెపు రౌతులు ఉంటే మికాయేలుకు తుపాకి పటాలాలు ఉండేవి. అతని సూక్ష్మబుద్ధిని అందరూ పొగిడారు గాని, నా లెక్కలో సగం బుద్ధి ఆ దారిలో పోయే ఒంటెల మూటలలో ఉన్నది.

బకాఫా 1730లో చనిపోయాడు. బాలుడైన ఇయాసు పేర అతని తల్లి మెంతెవ్వాబ్ రాణి పాలించింది. ఆమె తానూ కిరీటం ధరించింది. గోండరు శివార్లలో క్వెస్క్వామ్ అనే చోట ఆమె కట్టించిన నగరూ, దేవాలయమూ ప్రసిద్ధాలు. ఇయాసు పెద్దవాడై 1744లో సెన్నారు మీదికి దండెత్తి చిత్తుగా ఓడిపోయాడు. సైన్యంతో పాటు పూజనీయమైన క్రీస్తు పటం కూడా శత్రువుల చేత పడింది. దానిని తరువాత డబ్బిచ్చి విడిపించుకోవలసి వచ్చింది. రాజు ప్రతిష్ఠ అలా సడలిన సమయంలో మికాయేల్ తిరగబడ్డాడు.

ఇయాసు వచ్చి కొండను ముట్టడించాడు. మికాయేల్ ఇక నిలువలేక, అక్కడి ఆచారం ప్రకారం రాయి నెత్తిన మోసుకుంటూ వచ్చి రాజు ముందు సాగిలపడ్డాడు. చంపదలచుకుంటే ఈ రాతితోనే చంపు అని దాని భావం. ఇయాసు చంపదలచుకున్నాడు కూడా. దగ్గరివాళ్ళు వద్దని బతిమాలారు. రాజు ప్రాణం విడిచిపెట్టాడు. కొంతకాలానికి తిగ్రాయ్ కూడా తిరిగి ఇచ్చాడు. ఈ ఘట్టం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. క్షమించిన ఆ ఇయాసు కన్నకొడుకే ఇరవై మూడేళ్ళ తరువాత మికాయేల్ చేతిలో చనిపోయినవాడు.

క్షమాభిక్ష పొందిన తరువాత మికాయేల్ ఇక తిరగబడలేదు. అంతకంటె మేలైన దారి పట్టాడు. రాణికి కానుకలు పంపాడు, కొడుకు వోల్దె హవార్యాతుకు రాణిగారి కుమార్తె అల్తాషును చేసుకున్నాడు. సీమల మీద సీమలు సంపాదించాడు. 1755లో ఇయాసు చనిపోయాడు. అతని కొడుకు ఇయోఆస్ పసివాడు. మెంతెవ్వాబ్ మళ్ళీ పాలన చేపట్టింది. ఇక్కడ అసలు చిక్కు మొదలైంది. ఇయోఆస్ తల్లి వుబీత్ ఒరోమో జాతి స్త్రీ. ఆమె పుట్టింటివారు, తమ్ములైన లుబో, బిరాలే మొదలైనవారు, కొలువులో నిండారు. నాయనమ్మ తరఫువారు క్వారా సీమవాళ్ళు. అత్తాకోడళ్ళ పుట్టిళ్ళ మధ్య రాజ్యం చిక్కింది. రాణి సోదరుడు రాస్ వోల్దె లెవుల్ బతికి ఉన్నంతకాలం ఎలాగో సర్దుకుపోయింది. 1767లో ఆయన పోయాడు. దిక్కుతోచక తిగ్రాయ్‌నుంచి మికాయేలును పిలిపించారు. తుపాకులతో సహా వచ్చాడు. పిలిచినవారు పొమ్మన్నా పోని అతిథులు కొందరుంటారు.

అప్పుడు బెగెమ్‌దెర్ సీమను పాలిస్తున్న మరియమ్ బర్యా అనేవాడు రాణి మరొక కుమార్తె అస్తేరు భర్త. యువరాజు ఆ సీమను తీసి మేనమామ బిరాలేకు ఇచ్చాడు. మరియమ్ బర్యా ఊరుకోలేదు. యుద్ధంలో బిరాలే చనిపోయాడు. ఇయోఆస్ మికాయేలును అతని మీదికి పంపాడు. ఓడిన మరియమ్ బర్యా ఒరోమోల శరణు జొచ్చితే వాళ్ళు పట్టి అప్పగించారు. ఇయోఆస్ అతణ్ణి చంపిన బిరాలే అన్నదమ్ముడు లుబో చేతికే ఇచ్చాడు. లుబో పగ తీర్చుకున్నాడు. యుద్ధం చేసింది మికాయేల్. కాని విధవ అయిన అస్తేరు పగ బట్టింది మేనల్లుడైన రాజు మీదా, ఒరోమోల మీదా. ఆమె నేరుగా మికాయేల్ గుడారానికి వచ్చి ప్రతీకారం కోరిందనీ, అతణ్ణి వివాహమాడిందనీ బ్రూసు వ్రాశాడు. ఆమెకు యౌవనం, అతనికి డెబ్బై అయిదు. బ్రూసు అస్తేరును మిక్కిలి గౌరవించాడు. ఆమె ఇంట మసూచికం సోకినప్పుడు బిడ్డలకు వైద్యం చేసి ఆ ఇంటి ఆదరం పొందాడు. అందువల్ల ఆమె విషయంలో అతని మాటను కొంత తగ్గించి చదువుకోవాలని నా అభిప్రాయం.

పని తీరింది కనుక తిగ్రాయ్‌కు వెళ్ళిపొమ్మని ఇయోఆస్ ఆజ్ఞాపించాడు. మికాయేల్ వెళ్ళలేదు. రాజు దామోత్ సీమ ఒరోమో నాయకుడు ఫాసిల్‌ను పిలిపించాడు. గోండరు పక్కనే అజెజో వద్ద యుద్ధం జరిగింది. మికాయేల్ గెలిచాడు. రాజుగారి వైపునుంచి వచ్చిన తుపాకి గుండు ఒకటి, మికాయేల్ పక్కన నిలబడి ఈగలు తోలుతున్న మరుగుజ్జు పరిచారకుణ్ణి చంపిందట. గుండు ఎవరికి గురిపెట్టినదో ముసలివాడికి తెలియనిది కాదు.

1769 మే నెలలో ఇయోఆస్‌ను చంపించాడు. రాజరక్తం చిందరాదు కదా. పలుచని మల్లుగుడ్డ మెడకు బిగించి ఊపిరి తీశారు. ఆచారం తప్పలేదు, ప్రాణం పోయింది. మల్లుకు ఇంగ్లీషువారి పేరైన 'మస్లిన్' మన మసులా, అంటే మచిలీపట్నం, పేరునుంచే వచ్చిందని మనలో కొందరు గర్వంగా చెప్పుకుంటారు. నిఘంటువులు ఇరాకులోని మోసుల్ పట్టణాన్ని చూపుతాయి. ఈ ఒక్కసారికి నిఘంటువుల మాటే నిజమైతే బాగుండుననిపించింది.

ఇథియోపియాలో అంతకుముందు రాజహత్యలు జరగలేదని కాదు. 1706లో మొదటి ఇయాసును కొడుకు పక్షంవారే చంపారు. ఆ కొడుకు 1708లో హతుడయ్యాడు. అయితే అవి చీకటిమాటున జరిగినవి. ఒక సీమకు అధికారి అయినవాడు సొంత సైన్యంతో రాజధానిలో దిగి, బాహాటంగా చక్రవర్తిని చంపించి మరొకణ్ణి తెచ్చుకోవడం ఇదే మొదలు. అందుకే అక్కడి చరిత్రకారులు 1769నుంచి 'జెమెనె మెసాఫింత్' అనే యుగం లెక్కిస్తారు. న్యాయాధిపతుల కాలం, ప్రభువుల కాలం అని అర్థం. బైబిలులో ఇశ్రాయేలుకు రాజు లేని రోజులను తలచుకుని పెట్టిన పేరు.

ఇక కొత్త రాజు. వెహ్ని కొండ మీదనుంచి మికాయేల్ దించి తెచ్చినది ఎవరినో పాఠకులు ఊహించే ఉంటారు. చెయ్యి నరికిన యోహన్నెస్‌నే. డెబ్బై దాటిన ముసలివాడు. అంగహీనుడు రాజు కారాదన్న నియమాన్ని ఎవరో గుర్తుచేస్తే మికాయేల్ నవ్వి ఉంటాడు. యుద్ధానికి బయలుదేరమంటే యోహన్నెస్ రానన్నాడు. ఆ వృద్ధుడికి రాజ్యమూ అక్కరలేదు, యుద్ధమూ అక్కరలేదు. అయిదు నెలలు గడిచాక 1769 అక్టోబరులో విషప్రయోగంతో అతని కథ ముగిసింది. ఈ మొత్తం వృత్తాంతంలో నాకు ఎక్కువ జాలి కలిగించినది ఇతడే. కొండ మీద ఒక చెయ్యితో హాయిగా ముసలివాడైపోతున్నవాణ్ణి కిందికి దించి చంపారు.

అతని కొడుకు తెక్లె హైమానోత్‌కు పదిహేనేళ్ళు. అతణ్ణి కూర్చోబెట్టారు. ఈ కుర్రవాడు తండ్రిలా కాదు. మికాయేల్ వెంట యుద్ధాలకు నడిచాడు, అతణ్ణి నాన్న వలె చూశాడని బ్రూసు అంటాడు. తండ్రి ఎలా పోయాడో అతనికి తెలియకుండా ఉంటుందా? తెలిసినా ఏం చేయగలడు?

నా విద్యార్థి ప్రశ్నకు సమాధానం నాకు ఇక్కడే దొరికింది. సైన్యం మికాయేల్‌ది, ఖజానా మికాయేల్‌ది. అయినా తక్కిన సీమల ప్రభువులు వంగి దండం పెట్టేది సొలొమోను వంశపు మనిషికి, మికాయేలుకు కాదు. అతడు కూర్చున్న మరుక్షణం వాళ్ళందరికీ తిరగబడడానికి ధర్మమైన కారణం దొరుకుతుంది. యోస్తోస్ గతి అతడు కళ్ళారా చూసినదే. కుర్రవాడి పేర వెలువడే ఆజ్ఞ రాజాజ్ఞ. అదే మాట తన పేర వెలువడితే తిగ్రాయ్‌వాడి పెత్తనం. రాజు కాకపోవడమే అతని బలం. అయితే ఆ బలాన్ని తన చేతులతోనే తరుగగొట్టుకున్నాడు. రాజును చంపవచ్చు, మళ్ళీ తెచ్చుకోవచ్చు అని లోకానికి చూపినవాడు తానే కదా. మికాయేలుకు ఇద్దరు రాజులు చాలనప్పుడు ఫాసిలుకు ఒకడు ఎందుకు దొరకడు?

1769 డిసెంబరులో ఫాగిత్త వద్ద ఫాసిలును మళ్ళీ ఓడించాడు. బ్రూసు 1770 ఫిబ్రవరిలో గోండరు చేరాడు. జైత్రయాత్రనుంచి తిరిగి వచ్చిన మికాయేలును కలుసుకున్నాడు. తెల్లని జుట్టు పొట్టి ఉంగరాలుగా దువ్వి, బక్కచిక్కిన ముఖంలో చురుకైన కళ్ళతో, ఏదో ఆలోచనలో మునిగినట్టు ఉన్నాడట. నిలబడితే ఆరడుగులుంటాడేమో గాని కుంటితనం వల్ల చెప్పడం కష్టమట. బందీలైన ఒరోమో నాయకుల కళ్ళు తీయించి అడవికి తోలడం బ్రూసు ఆ రోజులలోనే చూశాడు. ఆ అంధులలో కొందరిని ఇంటికి తెచ్చి ఉపచారం చేయించాడు. లండనులో చాలామంది అతణ్ణి అబద్ధాలకోరు అన్నారు. తరువాత వెళ్ళినవారి సాక్ష్యాల వల్ల అతని మాటలలో చాలా భాగం నిజమని తేలింది.

ఆ ఏడు వర్షాకాలానికి ముందు బెగెమ్‌దెర్ ప్రభువు వాండ్ బెవోసెన్, అమ్హారా ప్రభువు గోషు, ఫాసిల్ ముగ్గురూ ఏకమయ్యారు. మికాయేల్ బాలరాజును వెంటబెట్టుకుని తిగ్రాయ్‌కు వెనుదిరిగాడు. ఖాళీగా ఉన్న గోండరులో శత్రువులు సుసెన్యోస్ అనే మరొక రాజును కూర్చోబెట్టారు. అతడు రాజవంశంవాడేనా అన్నదే అనుమానం. మికాయేల్ నేర్పిన విద్య అంత త్వరగా వంటబట్టింది. రాణి మెంతెవ్వాబ్ కూడా మనుమణ్ణి చంపినవాడి ముఖం చూడనని శత్రుపక్షంలో చేరింది. మామగారికీ అల్లుడికీ మధ్య పగలు మనం విన్నాం. ఇక్కడ అత్తగారికంటె అల్లుడు పెద్దవాడు.

డిసెంబరులో మికాయేల్ తిరిగి వచ్చాడు. శత్రువులు పారిపోయారు. గోండరులో అతడు తీర్చిన తీర్పుల గురించి బ్రూసు వ్రాసినది నేను ఇక్కడ పూర్తిగా చెప్పలేను. వీధులలో శవాలు తీయకుండా పడి ఉంటే రాత్రిళ్ళు దుమ్ములగొండ్లు ఊళ్ళోకి వచ్చేవి. మతపెద్ద అబ్బా సలామాను కూడా ఉరి తీయించాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు. అది మా కులవృత్తికి సంబంధించినది. కులమంటే పుట్టుక కాదు, మాటలు కూర్చి బతికేవారి కులం. మికాయేల్ లేని ఆ ఆరు నెలలలో గోండరులో ఆటపాటలవాళ్ళు, నవ్వించి పొట్టపోసుకునే గాయకులు, అతని మీద పాటలు కట్టి పాడారు. కుంటికాలును అనుకరించి ఆడారో ఏమో. పాత రాజు పోయాడు, కొత్త రాజు వచ్చాడు, ఎవరు విసిరితే వారి రొట్టె. మికాయేల్ తిరిగి వస్తుంటే అలవాటు చొప్పున ఎదురువెళ్ళి అతణ్ణి స్తుతిస్తూ పాడబోయారు. గుర్రపురౌతులకు సైగ అందింది. ఆడా మగా కలిసి ముప్పైమంది దాకా అక్కడికక్కడే కత్తుల పాలయ్యారు.

నేను ఈ భాగం రెండుమూడుసార్లు చదివాను. మన చాటువులలో కవి రాజును తిట్టి తప్పించుకున్న కథలు ఎన్నో ఉన్నాయి. పిల్లలకు ఉల్లాసంగా చెప్పేవాణ్ణి. రాజు నవ్వి అగ్రహారమిచ్చాడనో, ముఖం మాడ్చుకుని ఊరుకున్నాడనో అవి ముగుస్తాయి. నవ్వని రాజుల కథలు చాటువులు కాలేదు, చెప్పడానికి ఎవరూ మిగలక. తాను రాజు కానివాడికి పాట మరీ భరించరానిది అనుకుంటాను. రాజును ఎగతాళి చేస్తే అతని వంశం నిలబడుతుంది. మికాయేలుకు ఉన్నది భయం ఒక్కటే. జనం నవ్వితే అది పోతుంది.

భయం మరొక అయిదు నెలలు నిలిచింది. 1771 మే నెలలో ముగ్గురు ప్రభువులూ మళ్ళీ కలిసి వచ్చారు. తానా సరస్సుకు తూర్పున సర్బాకుసా అనే చోట మూడు పోరాటాలు జరిగాయి. బ్రూసు రాజుపక్షాన ఉండి చూశాడు. తిగ్రాయ్ తుపాకులు బాగానే పేలాయి. ఒక్కొక్క పోరులో ఓడిపోయామని చెప్పడానికి కూడా లేదు. కాని చుట్టూ ఉన్న సీమలన్నీ శత్రువులవే. తిండి లేదు. సైనికులకు ఇంటిమీద మనసు పోయింది. మికాయేల్ గోండరులోకి తిరిగి వచ్చి చుట్టుముట్టబడ్డాడు. జూను ప్రారంభంలో లొంగిపోయాడు. అతని సైనికులు తుపాకులు అప్పగించి తిగ్రాయ్ దారి పట్టారు. వాండ్ బెవోసెన్ అతణ్ణి బందీగా తన సీమకు తీసుకుపోయాడు.

గెలిచినవారు ఏం చేశారో చూడండి. మికాయేల్ కూర్చోబెట్టిన తెక్లె హైమానోత్‌నే రాజుగా ఉంచుకున్నారు. వాళ్ళలోనూ ఎవరూ కూర్చోలేదు.

ఆ తరువాతి ఎనభై ఏళ్ళు గోండరులో రాజులు వచ్చారు, పోయారు. తెక్లె గియోర్గిస్ అనే ఆయన 1779కీ 1800కీ మధ్య ఆరుసార్లు సింహాసనం ఎక్కి ఆరుసార్లు దిగాడు. అతనికి 'రాజ్యాన్ని ముగించినవాడు' అని మారుపేరు వచ్చింది, పాపం. అధికారం యెజ్జు సీమ ఒరోమో వంశపు రాస్‌ల చేతికి పోయింది. మికాయేల్ ఏ ఒరోమోలను తొక్కడానికి రాజును చంపాడో వారి బంధువర్గమే అతడు కల్పించిన పదవిలో నాలుగు తరాలు కూర్చుంది. 1853లో క్వారానుంచి వచ్చిన కాసా అనేవాడు వారిలో చివరివాడైన రాస్ అలీని ఓడించి, 1855లో తెవొద్రోస్ అనే పేరుతో తానే కిరీటం పెట్టుకున్నాడు. మా కుర్రవాడు అడిగిన పని చేసినవాడు అతడు.

మికాయేలును బందీగా ఒక ఏడాది ఉంచి, 1772లో తిగ్రాయ్‌కు పంపించివేశారు. ఉత్తరాన అతడు లేకపోతే ఆ సీమను అదుపులో ఉంచేవారు లేరని కాబోలు. ఎనభై ఏళ్ళవాడు, కుంటుతూ అద్వాకు చేరి, మళ్ళీ ఉప్పు బిడారులనూ రేవు సుంకాలనూ చూసుకుంటూ పాలించాడు. మెంతెవ్వాబ్ 1773లో క్వెస్క్వామ్‌లో కన్నుమూసింది. తెక్లె హైమానోత్ 1777లో సింహాసనం పోగొట్టుకుని సన్యాసి అయ్యాడు. మికాయేల్ ఆ దశాబ్ది చివరలో, తిగ్రాయ్ అధికారిగా ఉండగానే మరణించాడు. గోండరుకు మళ్ళీ రాలేదు.

ఆ విద్యార్థికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. ఎప్పుడైనా ఎదురైతే, ఆనాడు కూర్చోమన్నందుకు మన్నించమని, తీరిక ఉంటే మా వసారాలో కూర్చుని వినమని అడగాలి.